ఆస్ప్రిన్ ఎరువు కాదు

మిరపకు ముడత వచ్చినా, టమాటా ఎదగకపోయినా ఆస్ప్రిన్ బిళ్ల నీళ్లలో కలిపి కొట్టమనే సలహా సెల్‌ఫోన్ వీడియోల్లో తిరుగుతోంది. చవకగా పంట కోలుకుంటుందంటే అప్పుల్లో ఉన్న రైతుకు ఆశ పుట్టడం సహజం. కానీ పొలంలో దిగేముందు అసలు సంగతి తెలుసుకోవాలి.

ఆస్ప్రిన్ నీటిలో మెల్లగా విడిపోయి శాలిసిలిక్ ఆమ్లం అవుతుంది. తెగులు సోకినప్పుడు మొక్క తనంతట తాను తయారుచేసుకునే పదార్థమే ఇది. దొంగలు పడ్డారని ఊరిని లేపే కేక లాంటిది. 1979లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో రేమండ్ వైట్ పొగాకు ఆకుల్లోకి ఆస్ప్రిన్ ఎక్కించి చూస్తే మొజాయిక్ వైరస్ మచ్చలు బాగా తగ్గాయి. కాబట్టి ఇది ఉత్త పుకారు కాదు.

అయితే కేక తిండి పెట్టదు. రాత్రంతా కాపలా కాసినవాడు పొద్దున అరక కట్టలేడు. శాలిసిలిక్ ఆమ్లం ఎప్పుడూ ఎక్కువగా ఉండే ప్రయోగ మొక్కలు గిడసబారిపోతాయి. వేరు ఎంత పెరగాలో, ఎటు తిరగాలో నిర్ణయించే ఆక్సిన్ రవాణాను ఈ ఆమ్లం అడ్డుకుంటుందని 2020లో ఆస్ట్రియా శాస్త్రవేత్తలు చూపించారు. ఇతర నొప్పి మాత్రలు కూడా మొలకల వేర్లను దెబ్బతీస్తాయని అదే బృందం తేల్చింది.

మోతాదు మరో చిక్కు. బెట్టనూ, చౌడునూ తట్టుకునే శక్తి కోసం చేసిన పిచికారీ ప్రయోగాల్లో సాధారణంగా వాడేది లీటరుకు 70 నుంచి 140 మిల్లీగ్రాముల శాలిసిలిక్ ఆమ్లం. 325 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ బిళ్ల పూర్తిగా విడిపోతే దాదాపు 250 మిల్లీగ్రాములు వస్తుంది. అంటే లీటరుకు ఒక్క బిళ్ల వేసినా హద్దు దాటినట్టే. ఎక్కువైతే ఆకు మాడుతుంది, విత్తనం మొలక ఆగుతుంది. పైగా మిరప ముడతకు కారణమైన తామరపురుగు, నల్లి దీనితో చావవు.

బిళ్ల సంగతి ఇలా ఉంటే, ఏముందో తెలియని సీసాల మాటేమిటి? పెరుగుదల టానిక్కులంటూ దుకాణాల్లో అంటగట్టే బయోస్టిమ్యులెంట్లను 2021లోనే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. అయినా సుమారు 30 వేల ఉత్పత్తులు ఏళ్ల తరబడి అదుపు లేకుండా అమ్ముడయ్యాయని, తనిఖీల తర్వాత అవి దాదాపు 650కి తగ్గాయని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ స్వయంగా చెప్పారు. మరి అన్నేళ్లు మన జేబుల్లోంచి పోయిన డబ్బుకు ఎవరు జవాబుదారీ?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రతి సీసా మీద ఏ పదార్థం ఎంత ఉందో, ఏ పంటకు ఎంత వాడాలో తెలుగులో రాయాలి. శాలిసిలిక్ ఆమ్లం మన మిరపకు, వరికి, పత్తికి ఏ దశలో, ఎంత మోతాదులో పనికొస్తుందో వ్యవసాయ విశ్వవిద్యాలయాలూ, కృషి విజ్ఞాన కేంద్రాలూ రైతుల పొలాల్లోనే పరీక్షించి చెప్పాలి. యూరియాతో పాటు టానిక్ కొనాల్సిందేనని మెలిక పెట్టే డీలర్లపై చర్య తీసుకోవాలి.

అంతవరకు వీడియో చూసి పొలమంతా కొట్టకండి. ఏది కొన్నా బిల్లు అడగండి. ఇవ్వనంటే సంఘం దృష్టికి తీసుకురండి.