యంత్రం రావచ్చు, ఒప్పందం లేకుండా రారాదు

ఆన్‌లైను విద్యా వ్యాపారంలో కృత్రిమ మేధ అడుగుపెట్టింది. ఇక బోధకుని అవసరం తీరిందనీ, విద్యార్థికి మేలు జరిగిందనీ యాజమాన్యాలు చాటుతున్నాయి. ఈ రెండు మాటలనూ మేము తిరస్కరిస్తున్నాము.

అమెరికాకు చెందిన చెగ్ కంపెనీనే తీసుకుందాం. విద్యార్థులు పంపే ప్రశ్నలకు జవాబులు రాసినవారిలో ఎందరో మన దేశపు పట్టభద్రులు. జవాబుకు ఇంతని పీసురేటు తప్ప వారికి నియామక పత్రం లేదు, ప్రావిడెంటు ఫండు లేదు. 2023 ఏప్రిల్‌లో కంపెనీ తన జవాబుల నిధిని జీపీటీ-4తో జోడిస్తున్నట్లు ప్రకటించింది. మరుసటి నెలలోనే, చాట్‌జీపీటీ వల్ల కొత్త చందాదారులు తగ్గుతున్నారని యాజమాన్యం ఒప్పుకోగా, షేరు ధర ఒక్కరోజులో దాదాపు సగానికి కూలింది. 2025 అక్టోబరులో 388 మందిని, అనగా సిబ్బందిలో 45 శాతాన్ని తొలగిస్తున్నట్లు ప్రకటించింది. పీసురేటుపై పనిచేసినవారు ఈ లెక్కలోకి కూడా రారు!

మరి విద్యార్థికి ఒరిగిందేమిటి? టర్కీలో సుమారు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో గణితంలో జరిపిన పరిశోధన 2025లో వెలువడింది. జవాబులిచ్చే యంత్రాన్ని యథేచ్ఛగా వాడినవారు అభ్యాసంలో 48 శాతం మెరుగయ్యారు. యంత్రం తీసివేసి పరీక్ష పెట్టగా, దాన్ని అసలు వాడనివారికన్న 17 శాతం వెనుకబడ్డారు. తాము నష్టపోయిన సంగతి వారు గుర్తించనైనా లేదు. ఉపాధ్యాయుల సలహాతో రూపొంది, జవాబుకు బదులు సూచనలు మాత్రమే ఇచ్చిన యంత్రం విషయంలో ఈ నష్టం చాలావరకు తప్పింది. బోధకుని అనుభవాన్ని తొలగించుట వ్యాపారికి పొదుపు కావచ్చు, బిడ్డకు మాత్రం నష్టమే.

మేము యంత్రానికి శత్రువులము కాము. 1960లలో జీవిత బీమా ఉద్యోగులు కంప్యూటర్లను ప్రతిఘటించినపుడూ ఇదే నింద మోపారు. 1983లో బ్యాంకు సంఘాలు యంత్రీకరణపై యాజమాన్యాలతో ఒప్పందం కుదుర్చుకున్నాయి. యంత్రం ఎంతవరకు, ఏ షరతులపై రావాలో నిర్ణయించుటలో కార్మికునికి పాత్ర ఉండగలదని అది నిరూపించింది.

కనుక మా కోర్కెలు ఇవి: పీసురేటు బోధకులను కార్మికులుగా గుర్తించాలి. వారి రాతలను యంత్రానికి వాడుకుంటే పరిహారం చెల్లించాలి. ఉపాధ్యాయ సంఘాలతో ఒప్పందం లేకుండా ఏ బోధనా యంత్రాన్నీ ప్రవేశపెట్టరాదు.

ఒంటరిగా తెర ముందు కూర్చుని పనిచేస్తున్న మిత్రులారా! కంపెనీ మిమ్మల్ని విడివిడిగా ఉంచింది. సంఘంగా ఏకం కండి!