ఆకాశరామన్నల తీర్పులు

విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నంలోని ఒక ప్రైవేటు వసతిగృహంలో 2007 డిసెంబరు 27న ఒక ముస్లిం విద్యార్థిని హత్యకు గురైంది. బి.ఫార్మసీ చదువుతున్న తెనాలి అమ్మాయి ఆమె. హంతకుడెవరో చట్టప్రకారం నేటికీ తేలలేదు. యూట్యూబులో మాత్రం ఈ కేసు ఎన్నోసార్లు తేలిపోయింది. పత్రికల్లో కేసు ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొత్త వీడియోలు పుట్టుకొస్తాయి. ఫలానావారే చేశారన్న తీర్పు కొద్ది నిమిషాల్లో వెలువడుతుంది. వాటిని వాట్సాప్‌లో పంపుకొనేవారిలో మన మహల్లాల వారూ ఉన్నారు. బాధిత కుటుంబం మీది సానుభూతితోనే పంపుతున్నామని వారంటారు. ఆ సానుభూతిని మేము శంకించడం లేదు. దానివల్ల ఆ కుటుంబానికి ఒరిగేదేమిటన్నదే మా ప్రశ్న.

ఈ కేసు నడిచిన తీరే మనకు పెద్ద హెచ్చరిక. 2008లో పోలీసులు ఒక పేద దళిత యువకుణ్ణి నిందితుడిగా చూపించారు. అతడు దోషి కాడని బాధితురాలి తల్లి స్వయంగా చెబుతూ వచ్చింది. అయినా 2010లో విజయవాడ కోర్టు అతణ్ణి దోషిగా నిర్ణయించింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి అతని జీవితంలో ఎనిమిదేళ్లకు పైగా జైలులోనే గడిచిపోయాయి. శిక్షణ పొందిన అధికారులు, ప్రయోగశాలలు, న్యాయవాదులు, న్యాయస్థానం ఉండి కూడా ఇంతటి అన్యాయం జరిగింది. ఇవేవీ లేకుండా, పాత వార్తల ముక్కలను అతికించి హంతకుణ్ణి పట్టుకున్నామనేవారి మాటను ఏ ధైర్యంతో నమ్మాలి?

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో సంతకం, చిరునామా లేని ఆకాశరామన్న ఉత్తరాలు తరచూ వచ్చేవి. రాసినదెవరు, ఆధారమేమిటి అన్న ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ కాగితం అక్కడే ఆగిపోయేది. బాధ్యత వహించేవారు లేని మాటకు ఒక మనిషి పరువు బలికాకూడదన్నదే అందులోని నీతి. ఆకాశరామన్న ఇప్పుడు కార్యాలయం గుమ్మం దగ్గర ఆగడం లేదు, తిన్నగా మన జేబుల్లోకి వస్తున్నాడు. అతణ్ణి పక్కవాడికి పరిచయం చేసేది మనమే.

ఈ జాడ్యం మన ఒక్క ప్రాంతానిదే కాదు. 2013లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో పేలుళ్లు జరిగినప్పుడు, ఇంటర్నెట్‌లో స్వచ్ఛందంగా దర్యాప్తుకు దిగినవారు కనిపించకుండాపోయిన ఒక భారత సంతతి విద్యార్థిని బాంబు పెట్టినవాడిగా ప్రచారం చేశారు. పేలుళ్లతో అతనికి ఏ సంబంధమూ లేదు. కొద్దిరోజులకు అతని మృతదేహం దొరికింది. బిడ్డ కోసం వెతుక్కుంటున్న ఆ కుటుంబం మీద ఈ నింద అదనపు భారమైంది.

అనుమానం బరువెంతో మన సమాజానికి ఒకరు చెప్పనక్కరలేదు. అదే 2007లో, మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక హైదరాబాదులో పలువురు ముస్లిం యువకులు అనుమానం మీదనే అరెస్టై, చివరకు కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. అటువంటి గాయం తిన్నవారమే ఇతరుల మీద అనుమానాన్ని చల్లడం తగునా? వచ్చిన వార్తను నిర్ధారించుకోవాలనీ, లేనిపోని అనుమానాలకు దూరంగా ఉండాలనీ బోధించే హుజురాత్ సూరాను చదివేవారికి ఇంతకంటే వివరించనవసరం లేదు.

జనం గొంతెత్తకపోతే ఈ కేసు ఏనాడో మరుగున పడేదని కొందరంటారు. నిజమే. తల్లిదండ్రుల పట్టుదల, ప్రజాసంఘాల ఆందోళన లేకపోతే 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించేది కాదేమో. కానీ ఆ ఆందోళన జవాబు అడిగింది, ఈ వీడియోలు జవాబును కల్పిస్తున్నాయి. అడగవలసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. విజయవాడ కోర్టులో ఈ కేసు సాక్ష్యాధారాలు ధ్వంసమైనట్లు బయటపడి, సీబీఐ దానిపై వేరే కేసు పెట్టింది. దానికి బాధ్యులెవరు? 2019 డిసెంబరులో తెనాలిలో ఆమె ఖబరును తెరిచి మళ్లీ పరీక్షలు జరిపారు. వాటివల్ల తేలినదేమిటి? హంతకుడెవరో ఊహించడం కన్నా ఈ ప్రశ్నలను పట్టువదలక అడగడం కష్టం, కాని అవసరం.

చట్టం కొన్ని దారులు చూపుతోంది. దర్యాప్తు సంస్థ కేసు మూసివేతకు నివేదిక ఇచ్చినప్పుడు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వారి మాట వినాలని భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా బాధితులకు తెలపాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నిర్దేశిస్తోంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఎవరికైనా నిజంగా విషయం తెలిస్తే సంతకం చేసి దర్యాప్తు అధికారికి రాసి ఇవ్వాలి. మన యువకులు ఈ మార్గాలు నేర్చుకొని, ఇటువంటి ఆపదలో ఉన్న ప్రతి కుటుంబానికీ చేరవేయాలి.

ఈ వ్యాసంలో ఆ అమ్మాయి పేరు మేము రాయలేదు. అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం, రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మరణించినవారి గౌరవాన్ని కూడా కాపాడాలని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఆమె ఫోటోతో తిరిగే వీడియో మీ ఫోనుకు వస్తే తుడిచివేయండి. బిడ్డ ఖబరు తెరవడాన్ని కూడా సహించిన ఆ తల్లిదండ్రులకు మరో కట్టుకథ అక్కరలేదు. కోర్టు వాయిదా రోజున పక్కన నిలబడే మనిషి కావాలి.