కలంకారీ పెడన దాటితే.. క్వాలిటీ పోతుందా?

గుడ్లవల్లేరు: ఇక్కడ బందరు రైలెక్కితే కాసేపటికే పెడన. అక్కడి అద్దకం పనివాళ్ల భయం ఒకటే.. వాళ్ల డిజైన్లే బయటి మిల్లుల్లో స్క్రీన్ ప్రింట్లుగా దిగుతున్నాయి. అమ్మేది మాత్రం 'కలంకారీ' పేరుతోనే!

మరి చోటు మారితే నాణ్యత తగ్గుతుందా? అసలు తేడా పనిలో ఉంది. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి తీసే నలుపు, పటిక అద్ది ఉడకబెడితే తేలే ఎరుపు.. ఆపై కాలువ నీళ్లలో ఉతుకుడు. రోజులు పట్టే పని. ఏ ఊళ్లోనైనా ఇంత ఓపిక పెడితే సరే. కానీ మిల్లు ముందు కోసేసేది ఆ రోజులనే.

కాపీ కొత్తేం కాదు. మన అద్దకాల పోటీకి తట్టుకోలేక బ్రిటన్ 1721లో వాటి వాడకాన్నే నిషేధించింది. తర్వాత అలాంటివే మిల్లుల్లో అచ్చేసి అమ్ముకుంది.

మచిలీపట్నం కలంకారీకి జీఐ గుర్తింపు ఉంది. అయితే అది కాపాడేది పేరునే, పాత పువ్వుల డిజైన్‌ని కాదు. పైగా పెడనలోనూ కొందరు కెమికల్ రంగులు వాడుతున్నారు. అలాంటప్పుడు బయటివాళ్లని వేలెత్తి చూపడం కష్టమే.

చీర కొనేటప్పుడు అచ్చులు కలిసే చోట గీత కాస్త పక్కకి జరిగిందా? కంగారొద్దు.. చేత్తో అద్దితే అలాగే ఉంటుంది.