పేరు పలికెడి తీరు

ఈ మాసమున మా యింట జరిగిన యొక తప్పిదమును మీతో చెప్పుకొనదలచితిమి. తప్పు మాది. దానిని మాకు తెలిపినది దూరదేశమునుండి వచ్చిన యొక యుత్తరము.

మా అత్తగారి పుట్టినిల్లు మచిలీపట్టణమునందలి పరాసుపేట. ఆ పేట వీధులు, ఉప్పుగాలి, పండుగ సందడి, వీనిని గూర్చి ఆమె చెప్పనారంభించినచో పిల్లలు అన్నము చల్లారుట కూడ మరచి వినుచుండెడివారు. నాలుగేండ్ల క్రిందట మావారి పాఠశాల యుపాధ్యాయులు కొందరు భార్యలతో మా యింటికి విందునకు వచ్చిరి. అత్తగారు “మా పరాసుపేటలో” అని యెత్తుకొనగానే, మేము నవ్వుచు, “పరాసుపేట కాదు అత్తయ్యగారూ, ఫ్రెంచిపేట అనాలి” అని సరిదిద్దితిమి. నలుగురును నవ్విరి. ఆమె “అంతే కాబోలు లేమ్మా” అని యూరకుండిరి. నాటినుండి పరుల యెదుట ఆమె పుట్టినింటి ప్రసక్తి తెచ్చుట మానిరి. మేము దానిని గమనింపనైనను లేదు.

ఇక ఉత్తరము సంగతి. మా ఆడపడుచు అమెరికా దేశమున కెంటకీ రాష్ట్రమునందు, లెక్సింగ్టను నగరమున భర్తతో కాపురమున్నది. ఆ నగరమునకు సమీపమున చిన్నయూరు గలదు. దాని పేరు వ్రాతలో ఫ్రాన్సు రాజుల ప్రసిద్ధనగరి పేరే. ఆమె చదువుకొన్న పిల్ల గనుక, ఒక దుకాణమున దారి యడుగుచు, ఫ్రెంచివారి వలెనే “వెర్సాయ్” అన్నదట. దుకాణపుటామెకు బోధపడలేదు. పిదప కాగితముపై వ్రాసి చూపగా, “ఓహో, వర్‌సేల్సా!” అని నవ్వినదట. వెనుక నిలిచిన పిల్లలు వెర్సాయ్, వెర్సాయ్ అని వేళాకోళముగా వల్లించిరట. “వదినా, సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నాదా, వాళ్లదా? అన్నయ్యను అడిగి రాయి” అని ఆమె వ్రాసెను.

మావారు పుస్తకములు తెచ్చిరి. ఇరువురమును కూర్చుండి చదివితిమి. తెలిసినకొలది మాకు ఆశ్చర్యమాయెను.

ఆ దేశమున ఫ్రెంచిపేర్లు రెండు త్రోవల వచ్చినవి. కొన్ని చెవి త్రోవను వచ్చినవి, కొన్ని కంటి త్రోవను వచ్చినవి. డిట్రాయిట్ నగరమును 1701 లో కాడిలాక్ అను ఫ్రెంచి నాయకుడు స్థాపించెను. రెండు జలాశయములను కలుపు ఇరుకు నీటిపాయకు ఫ్రెంచిభాషలో దేత్రువా అని పేరు. ఆ యూరు అట్టి పాయ యొడ్డున నుండుటచే ఆ పేరు కలిగెను. పిదప వచ్చిన ఆంగ్లభాషీయుల నోట అది డిట్రాయిట్ అయ్యెను. కెంటకీలోని యూరి సంగతి వేరు. 1792 లో స్థాపితమైన యా యూరికి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున తోడుపడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్తును గౌరవించి ఫ్రాన్సునందలి నగరి పేరు పెట్టిరి. పెట్టినవారు ఫ్రెంచివారు కారు. అక్షరములను చూచి, తమ భాషలో నవి యెట్లు పలుకవలెనో అట్లే పలికిరి. వర్‌సేల్స్ అనుట అట్లు కలిగినది. ఒహాయో, ఇండియానా, మిస్సోరీ రాష్ట్రములందును ఈ పేరు గల యూళ్లున్నవి. అచటివారును ఈ తీరుననే పలుకుదురు. పదునారవ లూయీ రాజు పేర వెలసిన మరియొక కెంటకీ నగరమును ఊరివారు “లూవుల్” అని క్లుప్తముగా ముగింతురు.

ఇందొక సూత్రమున్నదా యని వెదకితిమి. లేదు. అయోవా రాష్ట్ర రాజధాని “డె మోయిన్”. వ్రాతలో రెండు సకారములున్నను ఒకటియు పలుకదు. ఇల్లినాయిస్ రాష్ట్రమునందలి “డెస్ ప్లేన్స్” అను ఊర ఆ రెండు సకారములును పలుకును. ఆ రాష్ట్రము పేరున కడపటి సకారమో, వ్రాతలో నున్నను నోట లేదు! దక్షిణ డకోటా రాజధాని పేరు ఫ్రెంచిలో “ప్యేర్”. అచటివారు “పీర్” అందురు. అన్నిటికంటె వింత యేమనగా, ఒకే ఆంగ్ల ప్రభువంశము పేర, ఒకే యక్షరములతో, ఇరుగుపొరుగు రాష్ట్రములలో రెండూళ్లున్నవి. ఉత్తర కెరొలైనాలోనిది “బోఫర్ట్”, దక్షిణ కెరొలైనాలోనిది “బ్యూఫర్ట్”. ఒకచోటి పలుకు రెండవచోట పలికినచో పరాయివారని గుర్తింతురు.

ఆంగ్లదేశమున నిది మరింత ప్రాచీనము. 1066 లో నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట ఫ్రెంచి పేర్లెన్నో అచట నిలిచెను. “అందమైన చోటు” అను నర్థము గల ఫ్రెంచిపేరు నేడు “బ్యూలీ”. “అందమైన చూపు” అను నర్థము గలది “బీవర్”. “అందమైన పొలము” అను నర్థము గల యింటిపేరు “బీచమ్”.

ఇంటిపేర్ల కథ మరింత హృదయస్పర్శి. 1685 లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంటు మతస్థులకు గల రక్షణశాసనమును రద్దుచేయగా, హ్యూగెనాట్లనబడు వేలకొలది జనులు దేశములు పట్టిపోయిరి. అట్టి కుటుంబమున బుట్టిన అపొలోస్ రివ్వార్ అను బాలుడు బోస్టను నగరమునకు వచ్చి, వెండిబంగారముల పని నేర్చి, తన యింటిపేరును రివీర్ అని మార్చుకొనెను. ఆయన కుమారుడే 1775 లో రాత్రివేళ గుఱ్ఱముపై పోయి శత్రుసేన రాకను చాటిన పాల్ రివీర్. ఇచట పేరును మార్చినది పేరు గలవాడే. నీగ్రోజాతి హక్కులకై జీవితమంతయు పోరాడిన పండితుడు డబ్ల్యు. ఇ. బి. డు బోయిస్ (1868-1963) ఇంటిపేరును ఫ్రెంచివారు “ద్యు బ్వా” అందురు. ఆయన మాత్రము తన పేరు “డు బోయిస్” అనియే పలుకవలెనని స్పష్టముగా చెప్పెను. ఫ్రెంచి తెలిసినవారు ఆయన పేరును ఆయనకు నేర్పబూనుట యెంత అవివేకము!

ఇంతవరకు చదివి, మేము పుస్తకము మూసితిమి. చిన్ననాడు తండ్రిగారి యొద్ద చదివిన వ్యాకరణము జ్ఞప్తికి వచ్చెను. ఆకాశము ఆకసమైనది, యజ్ఞము జన్నమైనది, రాత్రి రాతిరియైనది. వీనిని తద్భవములని పేర్కొని మన లాక్షణికులు గౌరవించిరే కాని, తప్పులని త్రోసివేయలేదు. కవులు వానిని కావ్యములందు గూర్చిరి. సంస్కృతమునుండి వచ్చినదానికి గల మర్యాద ఫ్రెంచినుండి వచ్చినదానికి లేకపోవునా?

అపుడు పరాసుపేట మా కన్నుల గట్టెను. ఫ్రెంచివారు 1669 లోనే మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిరి. 1947 వరకు అచట వారి పేర కొంత చోటుండెను. హిందూస్తానీలో వారిని ఫరాసీసులందురు. తెలుగునోటికి ఫకారము సహజము కాదు గనుక వారు మనకు పరాసులైరి. హాలెండువారు వలందులైరి, పోర్చుగీసువారు బుడతకీచులైరి. హైదరాబాదునందలి మూసారాంబాగు పేరును ఇట్టిదే. నిజాము కొలువున సేనానియై 1798 లో మరణించిన రేమోఁ అను ఫ్రెంచివానిని “మొస్యే రేమోఁ” అనుటకు మారుగా హిందువులు మూసారాముడనియు, ముసల్మానులు మూసా రహీమనియు పిలిచిరని చెప్పుదురు. పరదేశిని తమవానిగా జేసికొనిన పిలుపది. ఫ్రెంచివారు మాత్రమేమి? 1954 వరకు తమ యేలుబడిలో నున్న మన యానామును వారు “యనాఓఁ” అనిరి. ఎవరి నోరు వారిది.

సోదరీమణులారా! దీనివలన పిల్లలకు వర్ణక్రమము నేర్పవలదని మా యభిప్రాయము కాదు. బడిలో వ్రాయునపుడు సరియైన రూపమే వ్రాయవలెను. కాని ఊరి పేరునకు ఆ యూరివారి నోరే ప్రమాణము, ఇంటిపేరునకు ఆ యింటివారి నోరే ప్రమాణము. తెలియనిచో “మీ పేరు ఎట్లు పలుకవలెనమ్మా?” అని యడుగుటలో చిన్నతనము లేదు. నలుగురిలో సరిదిద్దుటలోనే చిన్నతనమున్నది.

ఆ మాటయే ఆడపడుచునకు వ్రాసితిమి. తప్పు నీదియు కాదు, వారిదియు కాదు. అచట నున్నంతకాలము వర్‌సేల్స్ అనుము. నవ్విన పిల్లలను క్షమింపుము.

వ్రాసిన పిదప రెండుత్తరములను అత్తగారికి చదివి వినిపించితిమి. ఆమె యంతయు విని, మెల్లగా, “అయితే అమ్మాయీ, వాళ్ల ఊరికి వాళ్లు పిలుచుకున్న పేరే చెల్లుతుందన్నమాట. మా పేటకు చెల్లదా?” అనిరి. ఆ ప్రశ్నలో కోపము లేదు. ఉన్నచో మాకు కొంత తేలికగా నుండెడిది. క్షమింపుమని కోరగా, “నువ్వు చదువుకున్నదానివి, నాకేం తెలుసు అనుకున్నాను” అనిరి. నాలుగేండ్లు ఆమె అట్లనుకొని యుండిరి!

మొన్న బంధువులు వచ్చినపుడు మేమే “అత్తయ్యగారూ, మీ పరాసుపేట సంగతి చెప్పండి” అని యడిగితిమి. ఆమె మా మొగము వంక జూచి, కొంత తడవూరకుండి, “మా పేటలో” అని ప్రారంభించిరి. పిల్లలు దగ్గరకు జరిగిరి. పరాసు అను మాట మాత్రము ఆమె నోట నింకను రాలేదు. వచ్చునంతవరకు అడుగుచునే యుందుము.