హెల్పర్‌గా వచ్చినవాడు హెల్పర్‌గానే పోవాలా?

పోయిన నెల ఫింటాస్‌లోని మా ఆఫీసుకు ఒకాయన వచ్చాడు. రాయచోటి పక్క పల్లె. నలభై ఐదు దాటిన మనిషి. కాంట్రాక్టు అయిపోయింది, వేరే కంపెనీకి రిలీజ్ దొరికింది, సర్వీస్ సర్టిఫికెట్ కావాలన్నాడు. ఫైలు తీశాను. తొమ్మిదేళ్ళ సర్వీసు. హోదా: హెల్పర్. ఆఖరి జీతం: 85 దినార్లు. ఉన్నదున్నట్టు టైపు చేసి, ముదీర్‌తో సంతకం పెట్టించి, సీలు కొట్టి చేతికిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తమ్ముడూ, ఇందులో ఏసీ అని ఎక్కడా లేదే?" అన్నాడు.

లేదు. ఫైల్లో లేదు కాబట్టి కాగితంలోనూ లేదు. ఆరేడేళ్ళుగా ఆయన చేస్తున్నది మాత్రం ఏసీ మెకానిక్ పనే. కంప్రెసర్ మారుస్తాడు, రాగి పైపుకు వెల్డింగ్ పెడతాడు, గ్యాస్ ఎక్కిస్తాడు. జూలై ఎండలో మిద్దె మీద యూనిట్ ఆగిపోతే సూపర్‌వైజర్ మొదట ఫోన్ చేసేది ఆయనకే. అయినా అకామాలో హెల్పర్, జీతం షీటులో హెల్పర్, టైమ్ షీటులో హెల్పర్. ప్రతి నెలా ఆ మాట రాసింది వేరెవరో కాదు, నేనే. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న క్లర్కు కూడా అదే రాశాడు.

ఆ రోజు నుంచి ఈ సంగతి రాయాలనుకుంటున్నాను. ఈ పత్రికను క్యాంపుల్లో ఉండే సోదరులే కాదు, మన ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు, సొంతంగా గ్యారేజీ, టైలర్ షాపు, చిన్న మెయింటెనెన్స్ కాంట్రాక్టు నడిపే మనవాళ్ళు కూడా చదువుతారు. ఇవాళ్టి మాట ఎక్కువగా వాళ్ళకే. మీ దగ్గరున్న కుర్రాళ్ళకు పని నేర్పించండి. నేర్పించేది కాగితం మీద పెట్టి నేర్పించండి.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. కువైట్ కార్మిక చట్టంలోనే ఉంది. 1964 నాటి పాత చట్టం స్థానంలో 2010లో వచ్చిన 6వ నంబరు చట్టంలో అప్రెంటిస్‌ల గురించి, వృత్తి శిక్షణ గురించి 12వ ఆర్టికల్ నుంచి 18వ ఆర్టికల్ దాకా ఒక భాగమే కేటాయించారు. మా ఆఫీసులో ఆ పుస్తకం బీరువా మీద ఉంటుంది. సెలవుల లెక్కకూ, సర్వీసు డబ్బుల లెక్కకూ తప్ప ఎవరూ దాన్ని కిందికి దించరు.

ఒక మనిషిని పని నేర్పడానికి తీసుకుంటే రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి అంటుంది ఆ చట్టం. మూడు ప్రతులు. యజమానికి ఒకటి, నేర్చుకునేవాడికి ఒకటి, మూడోది వారం లోపల కార్మిక శాఖకు. ఏ పని నేర్పుతారు, ఎంత కాలం, ఏ దశ తర్వాత ఏ దశ, ఒక్కో దశలో జీతం ఎంత అన్నవి అందులో రాయాలి. ఆఖరి దశకు వచ్చేసరికి అలాంటి పనికి ఉన్న కనీస జీతం కంటే తగ్గకూడదు. ఎన్ని పాయింట్లు కొట్టావు, ఎన్ని ముక్కలు కుట్టావు అని పీస్ రేటు కట్టకూడదు. వయసు 15 నిండితే చాలు. మనవాళ్ళు ఇక్కడ దిగేసరికే ఇరవై దాటి ఉంటారు కాబట్టి ఆ గొడవ మనకు లేదు.

ఇప్పటికే కంపెనీ వీసా మీద హెల్పర్‌గా ఉన్నవాడి సంగతి కాస్త వేరు. అతను అప్రెంటిస్ కాదు, శిక్షణ పొందుతున్న కార్మికుడు. శిక్షణ కంపెనీ లోపల ఇచ్చినా బయట ఇప్పించినా ఆ కాలానికి పూర్తి జీతం ఇవ్వాలని 17వ ఆర్టికల్ చెబుతుంది. "నేర్పిస్తున్నాం కదా, ఆరు నెలలు 20 దినార్లు తగ్గించుకో" అనే మాట అందుకే చెల్లదు. ఖాదిం వీసా, అంటే 20వ నంబరు వీసా మీద ఇళ్ళలో పనిచేసే డ్రైవర్లు, వంటవాళ్ళు ఈ చట్టం కిందికి రారు. వాళ్ళకు 2015లో వేరే చట్టం చేశారు. మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళు ఆ వీసా మీద చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ముక్క చెప్పక తప్పలేదు.

యజమానుల భయం నాకు తెలుసు. ముదీర్ గదిలో చాయ్ తాగేటప్పుడు రోజూ వినేదే. "వీడికి నేర్పిస్తే రేపు అబూ హలీఫాలో ఎవరో 20 దినార్లు ఎక్కువిస్తామంటే పోతాడు." దీనికి కూడా చట్టంలో జవాబుంది. నేర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో అంత కాలం ఆ యజమాని దగ్గరే పనిచెయ్యాలి, అది అయిదేళ్ళకు మించకూడదు. మధ్యలో వెళ్ళిపోతే, మిగిలిన కాలానికి తగ్గట్టు శిక్షణ ఖర్చు వసూలు చేసుకోవచ్చు. సోదరులు సంతకం పెట్టే ముందు ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. ఏడాది నేర్పి మూడేళ్ళు కట్టేసే కాగితం ఎవరైనా ముందు పెడితే అది చట్టం చెప్పిన లెక్క కాదు. ఖర్చు ఎంత అన్నది మొదటి రోజే కాగితం మీద ఉండాలని నా అభిప్రాయం. లేకపోతే వెళ్ళే రోజున యజమాని ఏ అంకె చెబితే అదే ఖర్చు అవుతుంది.

అసలు ఖర్చు ఎంతని? మాకు తెలిసింది లెక్కలే కాబట్టి లెక్కే వేద్దాం. 2024 జూన్‌లో కొత్త వర్క్ పర్మిట్ మీద 150 దినార్ల అదనపు ఫీజు పెట్టారు. ఊరి నుంచి కొత్త మెకానిక్‌ను దించాలంటే దాని మీద టికెట్టు, మెడికల్, అకామా, ఇన్సూరెన్స్ వేరే. ఇవన్నీ అయ్యాక కూడా అతనికి మీ బిల్డింగులో ఏ వాల్వ్ ఎక్కడుందో తెలియడానికి మూడు నెలలు పడుతుంది. ఇప్పుడు మీ దగ్గరే ఉన్న హెల్పర్‌ను తీసుకోండి. ఏడాది శిక్షణ అనుకుందాం. మొదటి ఆరు నెలలు పాత జీతమే, తర్వాతి ఆరు నెలలు 10 దినార్లు ఎక్కువ. అది 60. నేర్పే మెకానిక్‌కు నెలకు 5 దినార్ల చొప్పున ఏడాదికి ఇంకో 60. చేతి పనిముట్లకూ, నేర్చుకునేటప్పుడు పాడయ్యే రాగి పైపుకూ ఒక 30 వేసుకోండి. మొత్తం 150. కొత్తవాడి అదనపు ఫీజు ఒక్కటే అంత.

నేర్పే మెకానిక్‌కు 5 దినార్లు ఎందుకు అని అడుగుతారు. ఈ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అంతా చెడేది ఇక్కడే. రాయచోటి అన్న నాకు చెప్పిన మాట ఇది. మొదటి రెండేళ్ళు ఆయన పాత మెకానిక్ దగ్గర బ్యాగు మోశాడు. గ్యాస్ ఎక్కించే సమయం రాగానే ఆ మెకానిక్ ఈయన్ను "కిందికి పోయి స్పానర్ తీసుకురా" అని పంపించేవాడట. స్పానర్ బ్యాగులోనే ఉండేది. అది తెలిసీ ఈయన నాలుగు అంతస్తులు దిగి, ఎక్కి వచ్చేవాడు. వచ్చేసరికి పని అయిపోయేది.

ఆ మెకానిక్‌ను నేను తిట్టలేను. అతని జీతం 160. హెల్పర్ 85. ఈ హెల్పర్‌కు పని వచ్చిన రోజున 160 ఇచ్చి తనను ఎందుకు ఉంచుకుంటారు? అలా పంపించేసిన ఫైళ్ళు నా చేతుల మీదుగానే వెళ్ళాయి. ఊళ్ళో కమ్మరి అయినా, వడ్రంగి అయినా కొడుక్కో అల్లుడికో నేర్పేవాడు, ఎందుకంటే తన ముసలితనంలో వాడు అన్నం పెడతాడు. ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాడికి నేర్పి తన ఉద్యోగం పోగొట్టుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకని యజమాని రెండు పనులు చెయ్యాలి. ఒకటి, నేర్పినందువల్ల నీ జీతానికీ నీ చోటుకూ ఢోకా లేదని మెకానిక్‌కు కాగితం మీద రాసివ్వాలి. రెండు, నేర్పినందుకు డబ్బివ్వాలి, నెలనెలా కొంత, కుర్రాడు పని పరీక్షలో నిలబడ్డాక మిగతాది. ఒక మెకానిక్ చేతి కింద ఇద్దరికి మించి పెట్టవద్దు. అంతకంటే ఎక్కువైతే నేర్చుకోవడం ఉండదు, బ్యాగులు మోయడమే ఉంటుంది.

ఎవరిని ఎంచుకోవాలన్నది కూడా క్లర్కుగా చూసిందే చెబుతాను. ఫోర్‌మన్ బామ్మర్దిని ఎంచుకోవద్దు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణే ఎంచుకోవాలని కూడా లేదు. ఆరు నెలలు పనిచేశాక, అడగకముందే సరైన నంబరు స్పానర్ అందిస్తున్నవాడు ఎవడో మెకానిక్‌కు తెలుసు. మీటరు మీద అంకెలు చదవగలిగితే చాలు. వాడితో తెలుగులోనో హిందీలోనో మాట్లాడి, నీకిది ఇష్టమేనా అని అడగండి. అందరికీ ఇష్టం ఉండదు. రెండేళ్ళు సంపాదించి ఊరికి పోయి మళ్ళీ సేద్యం చేసుకుంటానన్నవాణ్ణి బలవంతం చెయ్యకూడదు.

నేర్పడం డ్యూటీ గంటల్లోనే జరగాలి. శుక్రవారం రమ్మనడం అన్యాయం; బట్టలు ఉతుక్కునేదీ, ఇంటికి ఫోన్ చేసేదీ ఆ ఒక్క రోజే. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు బయట ఎండలో పని నిషేధం కదా. అందులో ఒక గంట వర్క్‌షాపు నీడన పాత యూనిట్ ఒకటి విప్పించి చూపిస్తే, వేసవి దాటేసరికి సగం పని వస్తుంది. ఆ గంటను డ్యూటీగా రాసుకోవాలి, విశ్రాంతిగా కాదు.

మొదటి పాఠం మాత్రం బ్రేకర్ ఎక్కడుంది, సిలిండర్ ఎలా పెట్టాలి, తలుపు ఎటు ఉంది అన్నదే కావాలి. 2024 జూన్ 12న మన పక్కనే మంగఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్ తగలబడి 50 మంది పోయారు. అందులో ఎక్కువమంది భారతీయులే, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. అది సైట్ కాదు, నివాసం. అయినా మనవాళ్ళకు చేరిన మొదటి రోజున ఈ మూడు మాటలు చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరే చూసుకోండి.

మన దేశంలో అప్రెంటిస్‌ల చట్టం 1961 నుంచే ఉంది. 2019 నాటి నిబంధనల ప్రకారం 30 మందికి పైగా ఉన్న సంస్థ తన సిబ్బందిలో నూటికి రెండున్నర నుంచి 15 మంది దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అప్పుడు నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా చదువును బట్టి స్టైపెండ్ పెట్టారు. 2016లో మొదలైన పథకంలో ఆ స్టైపెండ్‌లో పావు వంతు, 1,500 రూపాయలకు మించకుండా, కేంద్ర ప్రభుత్వమే భరించింది. ఇక్కడ మన హెల్పర్ల కోసం అలా వాటా పంచుకునేవాళ్ళు లేరు, యజమానే పెట్టుకోవాలి. చట్టం ఉంది కదా అని అక్కడంతా సవ్యంగా ఉందనుకోకండి. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో కాగితం లేకుండానే నట్లు విప్పుతూ ఇంజను పని నేర్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ చేతికి పని వచ్చు, జేబులో రుజువు లేదు.

రుజువు లేకపోతే ముందు ముందు ఇంకా కష్టం. సౌదీ వాళ్ళు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ టెక్నీషియన్ వంటి పనులకు వచ్చే మనవాళ్ళకు విమానం ఎక్కకముందే పని పరీక్ష పెట్టడం మొదలుపెట్టారు. గల్ఫ్‌లో ఒకరు మొదలుపెట్టింది మిగతావాళ్ళు పట్టుకోవడానికి ఎక్కువ కాలం పట్టదని నా అనుమానం.

యజమాని కాగితం ఇచ్చేదాకా ఊరికే కూర్చోమని నేను అనను. ఒక నోటుబుక్కు కొనుక్కోండి. తేదీ, సైట్ పేరు, ఆ రోజు మీ చేత్తో చేసిన పని రాయండి. వారానికోసారి సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకోండి. మంచి మూడ్‌లో ఉన్నప్పుడు అడిగితే పెడతారు. మనవాడైన సూపర్‌వైజర్ అయితే పెట్టకుండా తప్పించుకోవద్దని నేనే అడుగుతున్నాను. నా వరకు నేను గత నెల నుంచి టైమ్ షీటులో రిమార్కుల గడిలో అసలు చేసిన పని రాస్తున్నాను. హోదా మార్చే అధికారం నాకు లేదు. రిమార్కులు రాయొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. ముదీర్ ఒకసారి ఇదేమిటని అడిగాడు. ఆడిట్‌కు పనికొస్తుంది సార్ అన్నాను.

రాయచోటి అన్నకు ఇవేవీ అందలేదు. మా సూపర్‌వైజర్‌తో వేరే లెటర్ ఒకటి ఇప్పిద్దామనుకునేసరికి ఆయన సెలవు మీద ఊరెళ్ళి ఉన్నాడు. కొత్త కంపెనీలో ఇంటర్వ్యూ చేసినాయన కాగితం చూసి, హెల్పర్ కదా అని 90 దినార్లకు తీసుకున్నాడు. మొన్న శుక్రవారం జమ్మియా దగ్గర అన్న కనిపించాడు. అక్కడి మెకానిక్ వచ్చి రెండు నెలలేనట. గ్యాస్ ప్రెషర్ ఎంత దాకా పెట్టాలో ఈయన్నే అడుగుతున్నాడట.

"చెబుతున్నావా అన్నా?" అన్నాను.

"చెప్పక, స్పానర్ కోసం కిందికి పంపించమంటావా?" అని నవ్వాడు.