మనముంటున్న ఊరు: టెలోక్ అయర్‌లో సముద్రమెక్కడ?

సింగపూర్ వచ్చిన చుట్టాలకు మనందరం చూపించేవి ఏవో మీకూ తెలుసు. మెర్లయన్ దగ్గర ఫోటో, సెంతోసా, ఆఖరున ముస్తఫాలో రెండు సూట్‌కేసుల షాపింగ్. తప్పేమీ లేదు. కాని ఒక్క ఆదివారం ఎండెక్కక ముందే పిల్లల్నీ, ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని టెలోక్ అయర్ వీధికి వెళ్ళి చూడండి. 2013లో అక్కడ ఎమ్మార్టీ స్టేషన్ కూడా వచ్చింది కనుక పెద్దవాళ్ళకి నడక తక్కువ.

మలయ్ భాషలో ‘తెలోక్’ అంటే అఖాతం, ‘అయర్’ అంటే నీరు. తీరా వెళ్తే నీటిచుక్క కనబడదు, అన్నీ ఆఫీసు మేడలే. “మరి సముద్రమేది నాన్నా?” అంది మా పెద్దమ్మాయి. పిల్లలూ, ఒకప్పుడు ఈ వీధే ఒడ్డు. 1880ల ప్రాంతంలో సముద్రాన్ని పూడ్చి ఊరిని ముందుకు జరిపారు. అంతకుముందు ఓడ దిగినవాళ్ళు ముందు ఇక్కడే తమ దేవుడికి దణ్ణం పెట్టుకునేవారు. అందుకే ఒకే వీధిలో చైనావారి గుడి, తమిళ ముస్లిములు 1828–1830లో కట్టిన నాగూర్ దర్గా, మరో నాలుగడుగుల్లో అల్ అబ్రార్ మసీదు.

చైనా గుడి పేరు థియన్ హాక్ కెంగ్. 1842 నాటికి పూర్తయింది. మేకులు వాడకుండా కట్టారంటారు. లోపల ఉన్నది మాజు, సముద్రయానం చేసేవాళ్ళను కాచే తల్లి. ఈ సంగతి చెప్పగానే మా అమ్మ చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయింది. మాది శ్రీకాకుళం జిల్లా. అమ్మ వాళ్ళ నాన్న ఓడెక్కి రంగూన్ వెళ్ళి, 1942లో యుద్ధం వస్తే నడిచి తిరిగొచ్చిన మనిషి. బర్మాలో మనవాళ్ళని కోరంగి రేవు పేరుమీద కోరంగీలు అనేవారట. “మా అమ్మ కూడా ఇలాగే ఏ తల్లికో మొక్కుకుని ఉంటాది” అంది. పన్నెండో అంతస్తులో రెండు వారాలుగా టీవీ చూస్తూ “ఎప్పుడెళ్ళిపోదాం రా” అంటున్న మనిషి, ఆరోజు ఆ మాటే ఎత్తలేదు.

గుడి వెనక ఎమాయ్ వీధి వైపు గోడమీద, ఒకప్పుడు అకౌంటెంటుగా పనిచేసిన యిప్ యూ చాంగ్ వలసల కథంతా బొమ్మలుగా వేశారు. పిల్లలకి అది గుడికన్నా నచ్చుతుంది.

అక్కడినుంచి సౌత్ బ్రిడ్జ్ రోడ్డుకి పది నిమిషాలు. 1827లో మొదలైన శ్రీ మారియమ్మన్ గుడి, పక్కనే జామే మసీదు. దీపావళికి ముందు నిప్పులమీద నడిచేది ఈ గుడిలోనే. కొన్ని బోర్డులు నాలుగు అధికార భాషల్లో ఉంటాయి: ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. మా అమ్మాయి అన్నీ వెతికి, “మనది లేదా?” అంది.

ఆ ప్రశ్న మన ఇళ్ళలో కొత్తది కాదు. ఇక్కడి బళ్ళో మాతృభాషగా తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. మన పిల్లలు ఇంకొకరి మాతృభాషలో మాతృభాష పరీక్ష రాస్తారు!

అలాగని మన జాడే లేదనుకోకండి. ఈ దగ్గర్లోని చూలియా స్ట్రీట్‌ను 1920ల దాకా క్లింగ్ స్ట్రీట్ అనేవారు. ‘క్లింగ్’ మాట కళింగం నుంచి వచ్చిందంటారు. అంటే మా ముఖలింగం రాజధానిగా గాంగులు ఏలిన కళింగమే. తర్వాత్తర్వాత ఇక్కడ దక్షిణాది వాళ్ళందరికీ అదే పేరైంది, ఆపైన తిట్టుగా మారింది. అందుకని పిల్లలూ, తెలుసుకోండి గాని ఎవరిమీదా వాడకండి.

ఎండ ముదరగానే మాక్స్‌వెల్ హాకర్ సెంటర్‌కి. శాకాహారులు ప్రతి దుకాణంలో అడిగి తినాలి, సూప్‌లో ఏముంటుందో చెప్పలేం. షుగరున్న పెద్దవాళ్ళకి ‘కోపీ సి కొసొంగ్’ అని అడగండి, పాలుంటాయి, పంచదార ఉండదు. అమ్మ రెండు కప్పులు తాగింది.

మా చిన్నదానికి వచ్చే ఏడాది ఒకటో తరగతి. ఫారంలో తమిళమా, హిందీయా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. అమ్మ మాత్రం తను వెళ్ళేలోగా ఇద్దరికీ గుణింతాలు పూర్తిచేయిస్తానని పలక కొనమంది. ఈ ఊళ్ళో రాతిపలక ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు ఒక్క ముక్క రాయండి.