నీటిదారి – బండిదారి

2015 అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగిన అమరావతీ నగర నిర్మాణము, నడుమ ఏండ్లతరబడి నిలిచిపోయి, 2025 మే 2వ తేదీన పునఃప్రారంభము నొందిన సంగతి పాఠకులకు విదితమే. ఆంధ్రులకు తమదనదగు రాజధాని యుండవలెననుటలో మాకు భిన్నాభిప్రాయము లేదు. కాని తొలివిడత రైతు లొసగిన రమారమి 34 వేల యెకరములలో పనులు పూర్తికాకమునుపే, 2025లో రెండవవిడత భూసమీకరణ ప్రతిపాదన బయలుదేరినది. ఈ తరుణమున తాడేపల్లి ప్రజల పక్షమున రెండు ప్రశ్నలు వేయుట మా విధి. వాననీరు ఎటు పోవలెను? బండ్లు ఎటు పోవలెను?

కొండవీటి కొండలలో పుట్టిన వాగు రాజధాని గ్రామములగుండ పారి ఉండవల్లిచెంత కృష్ణను గలియును. కృష్ణ పొంగినపుడు వాగునీరు నదిలోనికి చొరజాలక, వెనుకకుదన్ని పొలములను ముంచుట ఈ ప్రాంతపు రైతులెల్లరు నెరిగినదే. ఇందులకే ఉండవల్లికడ 5 వేల క్యూసెక్కుల నెత్తిపోయు పంపులను 2018లో నెలకొల్పిరి. నీరుకొండ, కృష్ణాయపాలెము, శాఖమూరులయందు జలాశయములును ప్రణాళికలో నున్నవి. ఇది మంచిదే. అయినను, పొలము వాననీటిని త్రాగును. సిమెంటు నేల త్రాగదు. మేడలు పెరిగినకొలది వాగుపై భారము పెరుగును. పొలములనాటి వానకు చాలినది నగరమునాటి వానకు చాలునా? 2017 నవంబరు 17వ తేదీన జాతీయ హరిత న్యాయస్థానము నిర్మాణమునకు సమ్మతించుచునే షరతులు విధించి, పర్యవేక్షణకు సంఘముల నేర్పరచినది. ఆ షరతు లెంతవరకు నెరవేరినవో గ్రామస్థునకు తెలుగున తెలుపవలసిన బాధ్యత ప్రభుత్వమువారిది కాదా?

నీటిదారిని మరచిన ఫలము ఏరు దాటగనే కానవచ్చును. 2024 సెప్టెంబరు మొదటివారమున ప్రకాశము బ్యారేజికడ కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పరవళ్లు ద్రొక్కెను. ఆ దినములలోనే బుడమేటి గట్లు తెగి బెజవాడలోని సింగునగరాదులు మునిగెను. వాగు తన దారిని మరువదు, మనుజుడే మరచును. 1908లో మూసీ హైదరాబాదును ముంచినపిమ్మట విశ్వేశ్వరయ్యగారి సూచనలమీద జలాశయములు వెలసినవి. కాని అవి వేలాది ప్రాణములు పోయినతరువాత వచ్చిన బుద్ధి. ఆ బుద్ధి మనకు ముందుగనే కలుగరాదా?

ఇక బండిదారి. తాడేపల్లివారు బెజవాడకు బోవుటకు జాతీయరహదారి వారధి దక్క, 1957లో పూర్తియైన బ్యారేజియే దిక్కు. రాజధాని గ్రామములకు బోవుటకు ఏండ్లతరబడి కృష్ణ కరకట్టయే దిక్కయ్యెను. ఒకటి నీరు నిలుపుటకు గట్టినది. రెండవది వరద నాపుటకు వేసినది. రెంటిని రాకపోకలకు వాడుకొనుచు, వానిపై నొక మహానగరపు బరువును మోపుట వివేకము గాదు. దొండపాడునుండి వచ్చు పెద్దబాట రహదారి నందుకొనక ఏండ్లపాటు నిలిచిపోయినది. ఇందులకు ఉండవల్లి, పెనుమాక రైతులను నిందించుట తగదు. ఏడాది పొడవున పండు జరీబు నేలను విడువనొల్లనివానితో న్యాయమైన బేరము కుదుర్చుకొనవలెను గాని, వానిని ప్రగతికి విరోధియనరాదు.

ఈ ప్రశ్నలు నిర్మాణమును మరల జాగుచేయుననియు, పదేండ్లుగా వేచిన రైతునకే నష్టమనియు కొందరనవచ్చును. ఆ రైతు కష్టము మేమెరుగుదుము. మేము కోరునది జాగు కాదు, పనుల వరుస. తనకు దక్కిన స్థలము వానకు మునిగిన, అందులకు బాట లేకున్న, వాడు బాగుపడునదెట్లు?

కావున వాగు, దాని అంచులు, జలాశయముల హద్దులు గుర్తించిన పటమును ప్రతి గ్రామ కార్యాలయమునను, గ్రంథాలయమునను తెలుగున వ్రేలాడగట్టవలెను. ఆ హద్దులలో ఎంతటివారికిని కట్టడపు సెలవీయరాదు. మురుగుకాలువలు, బాటలు ముగిసినపిదపనే మేడలు లేవవలెను. ఇవి నెరవేరినట్లు ప్రజలు కన్నులార జూచువరకు రెండవవిడతకు ఒక్క యెకరమైనను అడుగరాదని ప్రభుత్వమువారిని గట్టిగా కోరుచున్నాము.